5 లక్షల పాలసీ ఉంటే 3.24 లక్షల బిల్లుకు 1.55 లక్షలే ఎందుకొచ్చింది? సెటిల్‌మెంట్ లెటర్‌లోని మాటలకు అర్థాలు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించాం. ఆయన పేర 5 లక్షల హెల్త్ పాలసీ మూడేళ్లుగా నడుస్తోంది. రూమ్ రెంట్ పరిమితి రోజుకు 1 శాతం, కో-పే 20 శాతం అని ఉంది. రోజుకు 8,000 రూమ్‌లో 5 రోజులున్నాం. మొత్తం బిల్లు 3,24,000 అయితే కంపెనీ 1,55,000 ఇచ్చింది. లెటర్‌లో ప్రపోర్షనేట్ డిడక్షన్, కో-పే, నాన్ పేయబుల్ అని రాశారు. బిల్లు 5 లక్షల లోపే కదా, మరి ఈ కోతలేంటి? మా ఆఫీసు గ్రూప్ పాలసీలో కూడా నాన్నగారి పేరు ఉంది. అది ఏమైనా పనికొస్తుందా?

జవాబు:

పనికొస్తుంది. అంతకంటే ముందు, ఈ పాలసీ నుంచే మీకు ఇంకా డబ్బు రావాల్సి ఉంది. మీరిచ్చిన అంకెలను బట్టి చూస్తే కంపెనీ ఒక కోతను వేయకూడని చోట కూడా వేసింది. ఆ లెక్క కిందనే చూపిస్తాను. దాన్ని పట్టుకోవాలంటే ముందు ఆ మాటలకు అర్థం తెలియాలి.

5 లక్షలు అన్నది సమ్ ఇన్సూర్డ్. పాలసీ సంవత్సరం మొత్తానికి కంపెనీ ఇవ్వగల గరిష్ఠ మొత్తం అది. ఒక్కో బిల్లులో ఎంత ఇస్తారో అది చెప్పదు. బావిలో ఎన్ని నీళ్లున్నా చేదకు పట్టినన్నే పైకొస్తాయి. ఆ చేద సైజు పాలసీలోని మిగతా షరతుల్లో ఉంటుంది. అమ్మేటప్పుడు బావి లోతు చూపిస్తారు. చేద సంగతి షెడ్యూల్ రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మీ ఫైనల్ బిల్లు విడి పద్దులు ఇలా ఉన్నాయనుకుందాం. మీ చేతిలో ఉన్న బ్రేకప్‌తో సరిచూసుకోండి.

రూమ్: 8,000 చొప్పున 5 రోజులు = 40,000
సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, డాక్టర్ల విజిట్లు, నర్సింగ్ = 1,60,000
ఇంప్లాంట్ (ఎముకకు వేసిన ప్లేటు) = 60,000
మందులు = 35,000
ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు = 15,000
గ్లవ్స్, మాస్కులు, ఫైలు ఛార్జీల వంటివి = 14,000

చివరి పద్దే నాన్ పేయబుల్. పాలసీ పుస్తకం వెనక ఒక పట్టిక ఉంటుంది. గ్లవ్స్, డైపర్లు, టిష్యూ పేపర్లు, రిజిస్ట్రేషన్ ఛార్జీ లాంటివి అందులో ఉంటాయి. కన్స్యూమబుల్స్ కవర్ అనే యాడ్-ఆన్ తీసుకోకపోతే వీటికి పైసా రాదు. ఇక్కడ వాదనకు తావు లేదు, 14,000 వదిలేయండి. మిగిలింది 3,10,000.

ఇక ప్రపోర్షనేట్ డిడక్షన్. జనానికి ఎక్కువ దెబ్బ తగిలేదీ, తక్కువ అర్థమయ్యేదీ ఇదే. మీ పరిమితి 5 లక్షల్లో 1 శాతం, అంటే రోజుకు 5,000. మీరు తీసుకున్నది 8,000 రూమ్. రోజుకు అదనంగా అయిన 3,000 పెట్టుకుంటే చాలని అందరూ అనుకుంటారు. కానీ చాలా ఆసుపత్రుల్లో రూమ్ స్థాయి పెరిగితే సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ, విజిట్ ఫీజు కూడా పెరుగుతాయి. అదే ఆపరేషన్‌కు జనరల్ వార్డులో ఒక రేటు, సింగిల్ రూమ్‌లో ఇంకో రేటు. అందుకని కంపెనీ 5,000ని 8,000తో భాగించి, వచ్చిన 62.5 శాతాన్నే ఆ ఖర్చులకు కూడా వర్తింపజేస్తుంది. రూమ్‌కు 25,000, ఆపరేషన్ పద్దుకు 1,00,000 వస్తాయి. రోజుకు 3,000 తేడా ఉన్న రూమ్ వల్ల పోయింది 15,000 కాదు, 75,000.

ఇంతవరకు నిబంధన ప్రకారమే. తప్పు ఆ తర్వాత జరిగింది. ఈ కోత అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్, అంటే రూమ్ స్థాయిని బట్టి మారే ఖర్చులు, అనే పద్దుకు మాత్రమే వర్తిస్తుంది. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, పరీక్షలు ఈ పద్దులోకి రావు. ఐసీయూ ఛార్జీలకు కూడా ఈ నిష్పత్తి కోత వేయకూడదు. కారణం స్పష్టమే. ఎముకకు వేసిన ప్లేటు ధర మీరు ఏ రూమ్‌లో పడుకున్నారన్నదాన్ని బట్టి మారదు.

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. సరైన లెక్క: రూమ్ 25,000, ఆపరేషన్ పద్దు 1,00,000, ఇంప్లాంట్ 60,000, మందులు 35,000, పరీక్షలు 15,000. మొత్తం 2,35,000. ఇందులో 20 శాతం కో-పే (మీరు భరించాల్సిన వాటా) 47,000 పోతే రావాల్సింది 1,88,000. కంపెనీ వేసిన లెక్క: 3,10,000 మొత్తానికీ 62.5 శాతం కట్టి 1,93,750, దాంట్లో 20 శాతం తీసేసి సరిగ్గా 1,55,000. మీకు వచ్చిన అంకె ఇదే. అంటే ఇంప్లాంట్, మందులు, పరీక్షల మీద కూడా కోత పడింది. తేడా 33,000.

ఇంకో మెట్టు పైకి వెళ్లే అవకాశం కూడా ఉంది. అన్ని రూమ్‌లకూ ఆపరేషన్ రేటు ఒకటే అయిన ఆసుపత్రిలో ఈ నిష్పత్తి కోత అసలు వేయకూడదని అదే మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొన్ని ఖర్చులకే రేటు ఒకటిగా ఉంటే ఆ ఖర్చుల వరకైనా వేయకూడదు. కాబట్టి బిల్లింగ్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి, ఈ ఆపరేషన్‌కు 5,000 రూమ్‌లో రేటెంత, 8,000 రూమ్‌లో రేటెంత అని టారిఫ్ షీట్ అడగండి. రెండూ ఒకటే అయితే లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. అప్పుడు రూమ్ అద్దెలో 15,000 మాత్రమే పోతుంది. 2,95,000 మీద 20 శాతం కో-పే తీసేస్తే 2,36,000 రావాలి. 1,55,000 ఎక్కడ, 2,36,000 ఎక్కడ! ఆ ఒక్క కాగితానికి అంత విలువ ఉంది.

ఒక జాగ్రత్త. కొన్ని పాలసీల్లో రూమ్ రెంట్ పరిమితిలోనే నర్సింగ్ ఛార్జీలు కూడా కలిపి ఉంటాయి. మీది అలాంటిదైతే నర్సింగ్‌ను రూమ్ పద్దులోకి మార్చి మళ్లీ లెక్కేయండి. ఇంకొకటి, 1 శాతం అన్నది అసలు సమ్ ఇన్సూర్డ్ మీద కడతారు. బోనస్ కలిసి మొత్తం 6 లక్షలైనా రూమ్ పరిమితి 6,000 అయిపోదు.

కో-పే అంటే వచ్చే ప్రతి క్లెయిమ్‌లో మీ వంతు శాతం. సీనియర్ సిటిజన్ పాలసీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. డిడక్టబుల్ దీనికి చుట్టంలా కనిపించినా లెక్క వేరు. అది శాతం కాదు, ముందుగా తేల్చిన మొత్తం. 50,000 డిడక్టబుల్ ఉంటే 3 లక్షల బిల్లుకు 2.5 లక్షలు, 10 లక్షల బిల్లుకు 9.5 లక్షలు వస్తాయి. 10 శాతం కో-పే ఉంటే అవే బిల్లులకు 2.7 లక్షలు, 9 లక్షలు. బిల్లు పెరిగేకొద్దీ కో-పే మీ మీద బరువు పెంచుకుంటూ పోతుంది. డిడక్టబుల్ ఉన్నచోటే ఆగుతుంది. ప్రీమియం తగ్గించుకోవడానికి రెండింట్లో ఒకటి ఒప్పుకోక తప్పకపోతే డిడక్టబుల్ తీసుకోమనే నా సలహా. మనిషిని కుంగదీసేది పెద్ద బిల్లే, ఇన్సూరెన్స్ ఉండాల్సింది అక్కడే.

ఉన్న పాలసీ మీద అదనంగా తీసుకునే టాప్-అప్, సూపర్ టాప్-అప్ పాలసీల్లో కూడా ఇదే డిడక్టబుల్ ఉంటుంది. 5 లక్షల డిడక్టబుల్ ఉన్న టాప్-అప్ ఒక్కో బిల్లును విడిగా చూస్తుంది. ఏడాదిలో 4 లక్షల చొప్పున రెండుసార్లు ఆసుపత్రిపాలైతే ఏ బిల్లూ 5 లక్షలు దాటలేదు కాబట్టి టాప్-అప్ నుంచి ఏమీ రాదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం కలిపి చూస్తుంది. 8 లక్షల్లో 5 పోగా 3 లక్షలు ఇస్తుంది. పేరులో ఒక్క మాటే తేడా. కొనేటప్పుడు సూపర్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

వెయిటింగ్ పీరియడ్ల విషయంలో మీకు ఇబ్బంది లేదు, ఎందుకంటే ఇది ప్రమాదం. అయినా చెబుతాను, రేపు ఇంకో క్లెయిమ్‌కు పనికొస్తుంది. ఇవి మూడు రకాలు. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. శుక్లాలు, హెర్నియా, అరుగుదల వల్ల చేసే మోకీలు మార్పిడి లాంటి నిర్ణీత జబ్బులకు విడిగా ఒక గడువు ఉంటుంది. చాలా పాలసీల్లో అది 24 నెలలు. ముందునుంచే ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు మూడో గడువు. దాన్ని 2024లో 48 నెలల నుంచి గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించారు.

మీ కేసులో ఒక మెలిక ఉండొచ్చు. వయసు వల్ల ఎముకలు గుల్లబారడం చాలా పాలసీల్లో నిర్ణీత జబ్బుల జాబితాలో ఉంటుంది. 64 ఏళ్ల మనిషికి తుంటి విరిగితే కొందరు అధికారులు అటువైపు లాగుతారు. డిశ్చార్జి సమ్మరీలో జారిపడటం వల్ల విరిగిందని, ఏ తేదీన, ఎక్కడ అన్నది స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఇప్పుడే డాక్టరుగారిని అడిగి చేర్పించండి.

జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకోవడాన్ని నాన్ డిస్‌క్లోజర్ అంటారు. మోసం నిరూపణ అయితే తప్ప, ఆ కారణం చూపి కంపెనీ క్లెయిమ్ కొట్టేయకూడని దశ ఒకటుంది. ఎడతెగకుండా 60 నెలలు పాలసీ నడిచాక అది మొదలవుతుంది. ఆ 60 నెలలనే మారటోరియం అంటారు. 2024కు ముందు 8 ఏళ్లుండేది. దీని వల్ల కో-పేలు, రూమ్ పరిమితులు మాత్రం పోవు. రెన్యువల్ తేదీ మరిచిపోయి, గ్రేస్ పీరియడ్ (ఆలస్యంగా కట్టడానికి ఇచ్చే అదనపు గడువు) కూడా దాటిపోతే ఆ 60 నెలల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇన్నేళ్లు కట్టింది అక్కడ వృథా అవుతుంది.

రెస్టోరేషన్ అంటే సమ్ ఇన్సూర్డ్ అయిపోతే మళ్లీ నింపడం. అదే జబ్బుకు రెండోసారి వస్తుందా, వేరే జబ్బుకేనా అన్న ఒక్క ప్రశ్న అడిగితే దాని అసలు విలువ తెలుస్తుంది. సబ్ లిమిట్ అంటే ఒక్కో చికిత్సకు కట్టిన గట్టు. శుక్లాల ఆపరేషన్‌కు కంటికి ఇంత అని ఎక్కువగా ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. కోపంగా రాయొద్దు, అంకెలతో రాయండి. ఇలా ఉంటే చాలు:

"నా క్లెయిమ్‌లో ఇంప్లాంట్ 60,000, మందులు 35,000, పరీక్షలు 15,000 మీద 37.5 శాతం ప్రపోర్షనేట్ డిడక్షన్ వేశారు. ఐఆర్‌డీఏఐ 2020 మార్గదర్శకాల ప్రకారం ఇవి అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్‌లోకి రావు. ఈ 41,250 కోతను తీసేసి, కో-పే పోగా 33,000 చెల్లించగలరు. కోత సరైనదేనని మీరు భావిస్తే పాలసీలోని ఏ క్లాజు ప్రకారమో నంబరుతో తెలపగలరు."

ఆసుపత్రి టారిఫ్ లెటర్ దొరికితే అదే మెయిల్‌కు జతచేసి ఆపరేషన్ పద్దు మీద కోత కూడా తీసేయమని రాయండి. దీంతోపాటు ఫైనల్ బిల్లు బ్రేకప్, సెటిల్‌మెంట్ లెటర్, పాలసీ షెడ్యూల్ పంపండి. మీతో ఇంతవరకు మాట్లాడింది బహుశా టీపీఏ. వాళ్లు కంపెనీ తరఫున కాగితాలు చూసే మధ్యవర్తులు. చెల్లించాల్సిన బాధ్యత కంపెనీదే కాబట్టి మెయిల్ కంపెనీకే వెళ్లాలి, టీపీఏకు కాపీ చాలు.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా వివాదాల మీద తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వారికి హైదరాబాద్ ఆఫీసు. ఫీజు లేదు, లాయరును పెట్టుకోనివ్వరు, 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. ఆయన ఇచ్చిన తీర్పుకు కంపెనీ కట్టుబడి తీరాలి. మధ్యలో ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు, ఫోనులో అయితే 155255. చాలా కేసులు క్లాజు నంబరు అడిగిన దగ్గరే తేలిపోతాయి, కాబట్టి మెట్లు దాటకుండా వెళ్లండి.

ఇక మీ ఆఫీసు పాలసీ. రెండు పాలసీలున్నప్పుడు మొదటి దాంట్లో ఇవ్వని మొత్తాన్ని రెండో దాంట్లో అడిగే హక్కు ఉంది. ఇవ్వని మొత్తం అంటే సమ్ ఇన్సూర్డ్ దాటిందే కానక్కర్లేదు, కో-పేగా కోసినదీ, రూమ్ వల్ల కోసినదీ కూడా అడగొచ్చు. రెండో కంపెనీ తన షరతుల ప్రకారం లెక్కేసి ఇస్తుంది. అసలు బిల్లులు మొదటి కంపెనీ దగ్గరే ఉండిపోతాయి కాబట్టి వాళ్ల దగ్గర నుంచి సెటిల్‌మెంట్ లెటర్, ధ్రువీకరించిన బిల్లుల కాపీలు తీసుకోండి. మీ హెచ్‌ఆర్‌ను ఈ వారమే కలవండి. గ్రూప్ పాలసీల్లో క్లెయిమ్ పెట్టే గడువు తక్కువ ఉంటుంది. ఈలోగా మొదటి పాలసీ నుంచి 33,000 వస్తే ఆ సంగతి రెండో కంపెనీకి తప్పకుండా చెప్పాలి. ఒకే ఖర్చుకు రెండుచోట్ల తీసుకోకూడదు.

వచ్చే ఏడాదికి ఏం చేయాలో కూడా చెబుతాను. సమ్ ఇన్సూర్డ్‌ను 10 లక్షలకు పెంచితే 1 శాతం పరిమితి దానంతటదే 10,000 అవుతుంది. పెంచిన 5 లక్షలకు మాత్రం వెయిటింగ్ పీరియడ్లు కొత్తగా మొదలవుతాయి. రూమ్ పరిమితి, కో-పే లేని పాలసీకి మారడాన్ని పోర్టబిలిటీ అంటారు. మూడేళ్లుగా దాటిన వెయిటింగ్ పీరియడ్ల లెక్క మీతోపాటే కొత్త కంపెనీకి వస్తుంది. కొత్త కంపెనీ ఒప్పుకోవాలి, తుంటి ఆపరేషన్ తర్వాత ఒప్పుకోకపోవచ్చు కూడా. అందుకని రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టి, వాళ్లు సరేననేదాకా పాత పాలసీని ఆపొద్దు. కొత్త పాలసీ కాగితాలు చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది. రూమ్ రెంట్, కో-పే, సబ్ లిమిట్లు ఏజెంటు చెప్పినట్టే ఉన్నాయో లేదో ఆ గడువులో చూసి, లేకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. కొంత తగ్గించుకుని ప్రీమియం తిరిగిస్తారు.

పన్ను సంగతి క్లుప్తంగా. నాన్నగారి ప్రీమియం మీరే కడుతుంటే, ఆయనకు 60 దాటాయి కాబట్టి 80డి కింద 50,000 వరకు మీ ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. మీకు, భార్యాపిల్లలకు కట్టే ప్రీమియంకు విడిగా 25,000. ఇది పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. నగదుగా కట్టిన ప్రీమియం చెల్లదు. ఆయనకు పాలసీ ఉంది కాబట్టి మీరు చేతినుంచి పెట్టుకున్న ఆసుపత్రి ఖర్చును 80డిలో చూపడం కుదరదు. ఆ వెసులుబాటు పాలసీ లేని సీనియర్ సిటిజన్లకే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. తర్వాత వచ్చిన రెన్యువల్ నోటీసులో ఆ పద్దు ఉందేమో చూసుకోండి.

చివరగా, చాలామంది వదిలేసుకునే డబ్బు ఒకటి. డిశ్చార్జి తర్వాత అయ్యే మందులు, పరీక్షలు, ఫిజియోథెరపీని పోస్ట్ హాస్పిటలైజేషన్ అంటారు. చాలా పాలసీల్లో 60 రోజుల వరకు ఇస్తారు. చేరడానికి ముందు 30 రోజుల్లో ఇదే దెబ్బకు అయిన ఖర్చు కూడా అడగొచ్చు. తుంటి ఆపరేషన్‌కు ఫిజియోథెరపీనే పెద్ద ఖర్చు. దానికి సర్జన్ రాసిన చీటీలో ఫిజియోథెరపీ అనే మాట, ఎన్ని రోజులన్నది ఉండాలి. లేకపోతే బిల్లు ఎంత పక్కాగా ఉన్నా తిప్పి పంపుతారు. ప్రతి మందుల బిల్లుకూ చీటీ, ప్రతి పరీక్ష బిల్లుకూ రిపోర్టు జతచేయండి. 60 రోజులు ముగిశాక కాగితాలు పంపడానికి చాలా పాలసీల్లో 15 రోజులే గడువు, 20 శాతం కో-పే దీనికి కూడా వర్తిస్తుంది. డిశ్చార్జి తేదీ నుంచి లెక్కపెట్టి ఆ ఆఖరు రోజును ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి.